ఏడు మాత్రల సియాటిల్

మా అపార్ట్‌మెంటు ఎదుటి స్థలంలో కొత్త భవనం లేస్తున్నది. మే నెలలో ఒకనాటి సాయంత్రం ఈదురుగాలి లేచి, పై అంతస్తులకు కట్టిన సెంట్రింగ్ పైపులలోకి దూరినప్పుడు పొడుగాటి మూలుగు వంటి ధ్వని మొదలైంది. వాన వస్తుందేమోనని ఆరేసిన బట్టలు తీయడానికి బాల్కనీలోకి వచ్చిన నేను, బట్టల సంగతి మరచిపోయి అక్కడే నిలబడిపోయాను. అటువంటి ధ్వని నేను అంతకుముందు విన్నది ఒక్క చోటనే. సియాటిల్ నగరంలో, లేక్ వాషింగ్టన్ ఒడ్డున, శాండ్ పాయింట్ అనే చోట అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ ఆవరణలో వరుసగా ఉక్కు స్తంభాలు నిలబెట్టి, వాటి తలలకు గొట్టాలు బిగించిన కళాకృతి ఉన్నది. డగ్లస్ హోలిస్ అనే కళాకారుడు 1980ల తొలినాళ్ళలో దానిని నిర్మించాడు. సరస్సు మీది గాలి తగిలినప్పుడు గొట్టాలు ఒక్కొక్కటి ఒక్కొక్క స్థాయిలో పలుకుతాయి. దాని పేరు ‘ఎ సౌండ్ గార్డెన్’. 1984లో ముగ్గురు కుర్రవాళ్ళు తమ రాక్ బ్యాండుకు ఆ పేరే, సౌండ్‌గార్డెన్ అని, పెట్టుకున్నారు.

ఆ బ్యాండు గాయకుడు క్రిస్ కార్నెల్ మరణించింది కూడా మే నెలలోనే. గాలి ఆగి, బట్టలు ఎలాగూ తడిసిపోయిన తరువాత లోపలికి వచ్చి, పాత అట్టపెట్టెలోని సీడీలు తీసి, వాటితో ముడిపడిన సంగతులు రాయడానికి కూర్చున్నాను.

* * *

నేను సియాటిల్ చేరేనాటికి అక్కడి రాక్ బ్యాండుల వల్ల ఆ ఊరి పేరు ప్రపంచమంతా మారుమోగుతున్నది. నాకు మాత్రం ఆ సంగతి తెలియదు. మద్రాసు కాన్సులేటులో వీసా ముద్ర వేయించుకుని, రెడ్మండ్‌లో కాంట్రాక్టు ఉద్యోగానికి వెళ్ళిన వందలమంది ప్రోగ్రామర్లలో నేనొకడిని. నాతో ఇల్లు పంచుకున్నది తెనాలి అబ్బాయి. మా ఇద్దరికీ కలిపి ఉన్న ఆస్తి రైస్ కుక్కరు, నేలమీద పరచుకునే పరుపులు, ఎవరో దేశం వదలి వెళుతూ చవకగా అమ్మిన పాత హోండా కారు. ఇండియాకు ఫోను చేయడానికి ఆదివారం కోసం ఎదురుచూసేవాళ్ళం. నిమిషాల లెక్క తలలో తిరుగుతూ ఉండగా అమ్మ, “నాన్నా, అక్కడ కూడా వానేనా?” అని అడిగేది. అక్కడ కూడా వానే. విజయనగరం వాన ఉరిమి, కురిసి వెళ్ళిపోతుంది. సియాటిల్ వాన అక్టోబరులో వచ్చి మేలో కాని సెలవు తీసుకోదు. దానికి తొందర ఉండదు, శబ్దం కూడా ఉండదు.

రెడ్మండ్ నుండి సియాటిల్‌కు పోవాలంటే 520 రహదారి మీద, సరస్సు నీటిపై తేలే వంతెన దాటాలి. ఇప్పుడున్నది 2016లో వచ్చిన కొత్త వంతెన. మేము దాటినది 1963 నాటిది, ఇరుకైనది. గాలి ఎక్కువగా ఉన్న రోజున అలలు గోడ దాటి కారు అద్దాల మీద పడేవి. మరీ ఎక్కువైతే వంతెన మూసివేసి, ఊరంతా చుట్టి రమ్మనేవారు. ఆ వంతెన మీద వాహనాలు అంగుళం అంగుళం కదిలే సాయంకాలాలలో మా కారు రేడియోలో తిరిగే ముల్లు ఎప్పుడూ 107.7 అనే రాక్ స్టేషన్ దగ్గర ఆగి ఉండేది. అలా ఆపినవాడు తెనాలి మిత్రుడు. అతనికి ఆ గోలలో ఏమి నచ్చిందో నాకు చాలాకాలం బోధపడలేదు. నేను కర్ణాటక సంగీతం, ఘంటసాల, ఇళయరాజా తప్ప మరొకటి ఎరుగని ఇంటినుంచి వచ్చినవాడిని. మొదటి శీతకాలమంతా ఆ గిటార్ల మోతను నేను సహించానే కాని వినలేదు.

* * *

నా చెవి తెరుచుకున్న క్షణం మాత్రం స్పష్టంగా గుర్తున్నది. వంతెన మీద చిక్కుకుపోయి ఉన్నాము. రేడియోలో బరువైన, జాగుగా నడిచే ఒక గిటార్ వరుస వస్తున్నది. నా కుడిచేయి నన్ను అడగకుండానే స్టీరింగు మీద తాళం వేయడం మొదలుపెట్టింది. మామూలు పాటలాగా నాలుగు మాత్రల, అంటే నాలుగు దెబ్బల, దగ్గర అది తిరగలేదు. ఏడు దగ్గర తిరిగింది. మళ్ళీ ఏడు దగ్గర తిరిగింది. ‘తకిట తకధిమి’ అని నోటితో అన్నాను. మిత్రుడు నా వైపు అనుమానంగా చూశాడు.

చిన్నప్పుడు నన్ను కొన్నేళ్ళపాటు మృదంగం నేర్చుకోమని పంపారు. విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల ఉన్న పుణ్యమా అని ఆ రోజుల్లో వీధికొక సంగీతం మాస్టారు ఉండేవారు. మా మాస్టారి ఇంటి వసారాలో తడి రవ్వ వాసన ఉండేది. మృదంగం ఎడమ మూతి అయిన తొప్పి మీద అద్దడానికి గిన్నెలో కలిపి పెట్టుకునేవారు. ఆయన ఏడు మాత్రల మిశ్ర చాపు తాళం నేర్పిన తీరు నేను మరచిపోలేదు. “ఒరే అబ్బాయ్, లెక్క పెట్టకు. లెక్కపెట్టేవాడు ఎప్పుడూ వెనకబడతాడు. నడువు,” అనేవారు. నన్ను లేపి, వసారాలో ఆ చివరినుండి ఈ చివరికి, మూడు చిన్న అడుగులు, నాలుగు చిన్న అడుగులు వేయిస్తూ నడిపించేవారు. క్షేత్రయ్య పదాలలో ఎన్నింటినో మనం ఆ నడకలోనే వింటాము. ఏడు అనేది కుంటుతున్నట్టు కనిపించే నడక. అలవాటైతే మాత్రం దానంత హాయిగా మరొకటి ఉండదు.

ఆ నడక, నేను వదిలిపెట్టి వచ్చిన ఆ వసారా నడక, వానలో చిక్కుకున్న హోండా కారులో, అమెరికా బ్యాండు పాటలో వినిపించింది. పాట పేరు ‘అవుట్‌షైన్డ్’. బ్యాండు సౌండ్‌గార్డెన్. 1991 చివరలో వచ్చిన ‘బ్యాడ్‌మోటర్‌ఫింగర్’ అనే ఆల్బమ్‌లోనిది. ఆ వారాంతంలోనే యూనివర్సిటీ డిస్ట్రిక్ట్‌లో పాత రికార్డులు, సీడీలు అమ్మే సెలోఫేన్ స్క్వేర్ దుకాణానికి వెళ్ళి దానిని కొన్నాను. తరువాత ఇంట్లో కూర్చుని పాట వెనుక పాట పెట్టి తాళం వేసి చూశాను. కొన్నిచోట్ల ‘తకిట తకధిమి’ సరిపోయేది, కొన్నిచోట్ల విభజన తిరగబడి ‘తకధిమి తకిట’ అనవలసి వచ్చేది; కొన్నిచోట్ల అయిదు, ఆరు వచ్చేవి. నేను దానిని సంగీత శాస్త్రంగా విన్నానని నా మిత్రుడు వెక్కిరించేవాడు. అతను దానిని ఆవేశంగా విన్నాడు. రెండు విధాలుగానూ అది నిలబడింది.

ఆ తరువాత ఎక్కడో గిటారిస్టు కిమ్ తాయిల్ చెప్పిన సంగతి చదివాను. పాట కట్టడం పూర్తయ్యేదాకా అది ఎన్ని మాత్రల మీద నడుస్తున్నదో తాము ఆలోచించమని, ఆ బేసి లెక్కలు యాదృచ్ఛికమేనని అతను అన్నాడు. మా మాస్టారు బతికి ఉంటే ఆ మాట ఆయనకు చెప్పి ఉండేవాడిని.

* * *

కిమ్ తాయిల్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో అతని మీద జరిగినంత చర్చ ఇంకెవరి మీదా జరగలేదు. టీవీలో మొదటిసారి అతనిని చూసినప్పుడు మా తెనాలివాడు అన్నం తింటున్నవాడు తింటున్నట్టే లేచి నిలబడి, “ఒరేయ్, ఆ గడ్డం ఆయనెవరో మనవాడిలా లేడూ!” అన్నాడు. మనవాడే అనుకోవచ్చు. తల్లిదండ్రులు కేరళ నుండి వెళ్ళినవారు. అతను పుట్టింది సియాటిల్‌లో, పెరిగింది షికాగో దగ్గర పార్క్ ఫారెస్ట్ అనే ఊరిలో. 1980ల మొదట్లో తన స్నేహితుడు, తరువాత సౌండ్‌గార్డెన్‌లో తొలి బేస్ వాద్యకారుడైన హీరో యమమోటోతో కలిసి మళ్ళీ సియాటిల్ వైపు వచ్చి, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో తత్వశాస్త్రం చదివాడు. పార్క్ ఫారెస్ట్ నుంచే వచ్చిన మరో స్నేహితుడు బ్రూస్ పావిట్, తరువాత జొనథన్ పోన్‌మన్‌తో కలిసి సబ్ పాప్ అనే రికార్డు సంస్థను నడిపాడు. అంటే సియాటిల్ సంగీతం అని లోకమంతా చెప్పుకున్న దానిలో మంచి భాగం షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రం నుండి వచ్చిన కుర్రవాళ్ళ స్నేహం.

ఆ రోజుల్లో మా తెలుగువాళ్ళ ఇళ్ళలో వారాంతపు భోజనాలకు చేరినప్పుడు, అక్కడ పుట్టి పెరిగిన పిల్లల భవిష్యత్తు మీద పెద్దలు గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. డాక్టరు, ఇంజనీరు, ఆ రెండూ కాకపోతే లాయరు. ఒకసారి మా మిత్రుడు ఉండబట్టలేక, “అంకుల్, సౌండ్‌గార్డెన్ గిటారిస్టు మలయాళీ అబ్బాయండి, తెలుసా?” అన్నాడు. ఆ పెద్దాయన చాలాసేపు ఆలోచించి, “పాపం, వాళ్ళ అమ్మానాన్నా ఎంత బాధపడ్డారో,” అన్నారు. ఆయన దానిని హాస్యానికి అనలేదు.

మిత్రుడికి ఒక సిద్ధాంతం ఉండేది. ఆ ఏడు మాత్రలన్నీ కేరళ చెండ మేళం నుండి కిమ్ రక్తంలోకి వచ్చాయని అతను గట్టిగా వాదించేవాడు. నాకు ఆ సిద్ధాంతం ముద్దుగానే అనిపించేది కాని, వాస్తవం దానికి ఒదగదు. ‘అవుట్‌షైన్డ్’ రాసింది, తరువాత వచ్చిన ఏడు మాత్రల ‘స్పూన్‌మన్’ రాసింది కిమ్ కాదు, కార్నెల్. కార్నెల్ ఆ బ్యాండులో మొదట డ్రమ్స్ వాయిస్తూ పాడినవాడు. తరువాతనే డ్రమ్స్ వేరొకరికి అప్పగించి ముందుకు వచ్చాడు. 1986లో వచ్చిన డ్రమ్మరు మాట్ కామెరన్ ఎటువంటి నడకనైనా నాలుగు మాత్రలంత సులువుగా వినిపించగలవాడు. ఇక కిమ్ గిటారు ఆరో తీగను ఒక స్వరం దించి కట్టే పద్ధతిని మెల్విన్స్ బ్యాండు బజ్ ఆస్బర్న్ దగ్గర తెలుసుకున్నాడు. ఇవన్నీ చెప్పినా మిత్రుడు చెండ మేళం దగ్గరనుండి కదిలేవాడు కాదు.

* * *

ఈ పాత కథంతా మాకు విడమరచి చెప్పినవాడు మా జట్టులో టెస్టింగ్ పనిచేసే స్థానిక యువకుడు. సియాటిల్‌లోని బాలార్డ్ పేటలో పుట్టి పెరిగాడు. తానూ ఒకప్పుడు బ్యాండులో బేస్ వాయించానని, తమ బ్యాండు ప్రదర్శనలకు వచ్చినవారిలో ఎక్కువమంది ఇతర బ్యాండుల వాళ్ళేనని చెప్పి నవ్వేవాడు. పెద్ద పెద్ద బృందాలు పర్యటనలలో ఆ మూలకు వచ్చేవి కావని, అందుకే ఊరివాళ్ళు ఒకరికొకరు వాయించుకుంటూ, ఒకరినుంచి ఒకరు నేర్చుకుంటూ పెరిగారని అతని అభిప్రాయం. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నేను పెరుగన్నం డబ్బా విప్పగానే అతను కథ మొదలుపెట్టేవాడు.

1987లో సౌండ్‌గార్డెన్‌కు సబ్ పాప్ ద్వారా చిన్న రికార్డు, మరుసటి సంవత్సరం ఎస్ఎస్‌టీ అనే చిన్న సంస్థ ద్వారా తొలి ఆల్బమ్, 1989లో ఏ అండ్ ఎం అనే పెద్ద సంస్థ ద్వారా మరొకటి. ఆ తరం సియాటిల్ బ్యాండులలో పెద్ద సంస్థతో మొదట ఒప్పందం చేసుకున్నది వీళ్ళే. నిర్వానా, పెర్ల్ జామ్ అనే బ్యాండులు తరువాత వచ్చి ముందుకు దూసుకుపోయాయి. “తలుపు తీసినవాళ్ళు వీళ్ళు, లోపలికి ముందుగా వెళ్ళినవాళ్ళు వేరు,” అని అతను అనేవాడు. పెద్ద సంస్థలోకి అడుగుపెట్టిన ఏడాదే హీరో యమమోటో బ్యాండు వదలి చదువుకోవడానికి వెళ్ళిపోయాడు. అతని స్థానంలో చివరకు 1990లో బెన్ షెపర్డ్ కుదురుకున్నాడు.

బాలార్డ్ మిత్రుడు కంఠం తగ్గించి చెప్పేది ఆండ్రూ వుడ్ గురించి. మదర్ లవ్ బోన్ అనే బ్యాండు గాయకుడు, కార్నెల్‌తో ఒకే ఇంట్లో ఉన్న స్నేహితుడు. తొలి ఆల్బమ్ విడుదల కావలసిన తరుణంలో, 1990 మార్చిలో, మత్తుమందు వికటించి చనిపోయాడు. ఆ దుఃఖంలో కార్నెల్ రాసిన పాటలతో, చనిపోయిన వాడి బ్యాండు సభ్యులు, మాట్ కామెరన్, అప్పుడే కాలిఫోర్నియా నుండి వచ్చిన, తరువాత పెర్ల్ జామ్ గాయకుడైన ఎడీ వెడర్ కలిసి టెంపుల్ ఆఫ్ ది డాగ్ అనే పేరుతో ఒక్క ఆల్బమ్ చేశారు. ఆ ఊరి సంగీతం కీర్తి కంటే ముందే చావును చూసిందని, తరువాత జరిగినవి చూస్తే ఆ క్రమం మారనే లేదని నాకు అనిపిస్తుంది.

బాలార్డ్ మిత్రుడి కథలలో కరెంటు స్తంభాలు కూడా పాత్రలే. బ్యాండుల ప్రకటనలు ఊరిలో స్తంభాలకే అంటించేవారు. ఒకదానిపై ఒకటి అంటించగా అంటించగా స్తంభాల నడుములు లావెక్కి ఉండేవట. నేను వెళ్ళిన కొన్నాళ్ళకే, 1994లో, నగరపాలకులు స్తంభాలకు పోస్టర్లు అంటించరాదని నిషేధించారు. ప్రపంచమంతా సియాటిల్ సంగీతం కోసం చెవులు రిక్కించి ఉన్న సంవత్సరంలోనే ఆ ఊరు తన గోడపత్రికలను చింపించుకున్నది. నేను చూసినవి తుప్పుపట్టిన పిన్నులతో నిండిన స్తంభాలు మాత్రమే.

* * *

1994 మార్చిలో సౌండ్‌గార్డెన్ ఆల్బమ్ ‘సూపర్‌అన్‌నోన్’ వచ్చింది. దానిని ఆ ఊరిలోనే, హార్ట్ బ్యాండు అక్కచెల్లెళ్ళు ఆన్, నాన్సీ విల్సన్‌లకు చెందిన బ్యాడ్ యానిమల్స్ స్టూడియోలో రికార్డు చేశారు. మొదటి వారంలోనే సుమారు 3,10,000 ప్రతులు అమ్ముడై అమెరికా ఆల్బమ్ అమ్మకాల బిల్‌బోర్డ్ పట్టికలో ప్రథమ స్థానంలో నిలిచింది. మా కార్యాలయంలో ఆ వారం ఏ గది ముందునుంచి నడిచినా అదే ఆల్బమ్ వినిపించేది. ఒక గదిలో మూడో పాట, పక్కగదిలో ఏడో పాట. నడవా మొత్తం దాటేసరికి ఆల్బమ్ సగం అయిపోయేది. అప్పట్లో కంప్యూటర్లలో సీడీ డ్రైవు కొత్తగా వచ్చిన వేడుక. దానిని అందరూ మొదట ఉపయోగించింది పాటలు వినడానికే అంటే అతిశయోక్తి కాదు.

‘స్పూన్‌మన్’ పాటలో చెంచాలు వాయించిన మనిషి నిజంగానే ఆ ఊరి వీధి కళాకారుడు. ఆర్టిస్ అని పిలిచేవారు. పైక్ ప్లేస్ మార్కెట్‌కు చేపల కోసం వెళ్ళిన ఆదివారాలలో ఆయనను చూసేవాళ్ళం. చెంచాలను తొడలపై, మోచేతులపై, ఒక్కొక్కసారి తలపై కొట్టుకుంటూ, మధ్యలో ప్రేక్షకులను కసురుతూ, ఒంటిచేతి మేళం నడిపేవాడు. ధనుర్మాసంలో మా వీధిలోకి వచ్చే హరిదాసు చిడతలు నాకు అప్పుడు జ్ఞాపకం వచ్చేవి. హరిదాసుకు బియ్యం పోసిన ఇంటి పిల్లవాడిని కదా, ఆర్టిస్ ముందున్న పెట్టెలో డాలరు వేయకుండా ఎప్పుడూ కదలలేదు. వీధి వాద్యగాడి చెంచాల మోత ప్రపంచమంతా వినిపించడం నాకు ఆ బ్యాండు చేసిన పనులన్నింటిలోకీ నచ్చిన పని.

ఆల్బమ్ వచ్చి నెల తిరిగిందో లేదో, ఉగాది దగ్గరపడిన రోజులలో, ఏప్రిల్ 8న నిర్వానా గాయకుడు కర్ట్ కోబెయిన్ మృతదేహం అతని ఇంట్లో కనిపించిందన్న వార్త రేడియోలో వచ్చింది. ఆ శుక్రవారం కార్యాలయంలో పని జరగలేదు. ఆదివారం సియాటిల్ సెంటర్ దగ్గర వేలమంది యువకులు చేరి కొవ్వొత్తులు వెలిగించారు. మా బాలార్డ్ మిత్రుడు వెళ్ళివచ్చి సోమవారం ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ వేసవిలో ఎక్కడికి వెళ్ళినా వినిపించిన పాట ‘బ్లాక్ హోల్ సన్’. సూపర్ మార్కెట్లో, పెట్రోలు బంకులో, పళ్ళ డాక్టరు గదిలో అదే. మరుసటి సంవత్సరం ఆ పాటకు, ‘స్పూన్‌మన్’కు చెరొక గ్రామీ వచ్చాయి. 1994 వేసవిలోనే కార్నెల్ స్వరతంత్రులు దెబ్బతిని, మిగిలిన కచేరీలు రద్దు చేసుకోవలసి వచ్చింది. శిఖరం మీద ఉండగానే మొదటి పగులు కనబడిందన్న మాట. అప్పుడు దానిని ఎవరూ పగులు అనలేదు, అలసట అన్నారు.

గళ్ళ ఉన్ని చొక్కాల సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. చలికి, వానకు తట్టుకోవడానికి కట్టె కొట్టేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు తొడుక్కునే చవక చొక్కా న్యూయార్క్ ఫ్యాషన్ వేదికల మీదికి ఎక్కింది. మేము మాత్రం ఆ చొక్కాలను సెకండ్ హ్యాండ్ దుకాణంలో కొనుక్కున్నాము. మా ఉద్దేశం కూడా చలే.

* * *

1996 మే నెలలో ‘డౌన్ ఆన్ ది అప్‌సైడ్’ వచ్చింది. దానిని తామే నిర్మించుకున్నారు. బరువైన గిటార్ వరుసలు తగ్గాయి, ఎకూస్టిక్ గిటారు, మాండొలిన్ వంటివి వచ్చాయి. కార్నెల్ అటు పోవాలనుకున్నాడు, కిమ్‌కు తన గిటారు బరువు తగ్గడం అంతగా రుచించలేదు. ఆల్బమ్ రెండో స్థానంలో మొదలై, ముందుదానిలా నిలవకుండా పట్టికలో త్వరగా దిగిపోయింది. పత్రికలు పతనం అని రాశాయి. నేను ఒప్పుకోను. ఈ రోజుకూ ఆ బ్యాండు ఆల్బమ్‌లలో నేను ఎక్కువసార్లు వినేది అదే. అమ్మకాలు తగ్గాయి కాని పాటలు తగ్గలేదు. కుంగిపోతున్నది నలుగురు మనుషుల మధ్య ఉన్న ఓపిక, అది సీడీలో రికార్డు కాదు.

ఆ డిసెంబరులో మర్సర్ ఎరీనాలో వాళ్ళ కచేరీకి ముగ్గురం వెళ్ళాము. పాతకాలపు కట్టడం, 1920ల నాటిది. లోపల తడిసిన ఉన్ని వాసన, బీరు వాసన, అయిదారు వేలమంది ఊపిరి వేడి. కిమ్ గిటారులోంచి వచ్చిన మొదటి శబ్దం చెవికి కాక ముందు పక్కటెముకలకు తగిలింది. కార్నెల్ గొంతు ఎలా ఉంటుందో రాయమంటే కష్టం. కిందినుండి మొదలై, ఇక ఇంతకంటే పైకి పోదనుకున్న చోటు దాటి, అక్కడ నిలిచి మరికొంత పైకి పోయేది. మా మాస్టారు తారస్థాయి గురించి చెప్పేటప్పుడు, “అరవడం వేరురా, ఎక్కడం వేరు,” అనేవారు. అతను ఎక్కేవాడు. చుట్టూ కుర్రవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ ఊగిపోతుండగా, నేను గోడవారన నిలబడి తొడమీద మిశ్ర చాపు వేసుకుంటూ ఉన్నాను.

అయితే వేదిక మీద నలుగురూ ఒకరివైపు ఒకరు చూసుకోవడం లేదని బాలార్డ్ మిత్రుడు తిరుగు ప్రయాణంలో అన్నాడు. “వెనకటికి నవ్వుకునేవాళ్ళు. పాట మధ్యలో ఎవరైనా తప్పితే మిగతావాళ్ళు చూసి నవ్వేవాళ్ళు,” అన్నాడు. బేస్ వాయించినవాడు కనుక ఆ సంగతి అతనికి కనిపించింది. మాకు కనిపించలేదు. ఆ నెలాఖరున సియాటిల్‌లో మంచు భారీగా కురిసి, ఊరంతా రోజుల తరబడి స్తంభించిపోయింది. మేము ఇంట్లోనే ఉండి ఆవకాయ అన్నం తింటూ ఆ ఆల్బమ్‌నే మళ్ళీ మళ్ళీ విన్నాము.

1997 ఫిబ్రవరి 9న హొనొలులులో జరిగిన కచేరీలో పరికరాలు మొరాయించడంతో బెన్ షెపర్డ్ బేస్ గిటారును గాలిలోకి విసిరేసి వేదిక దిగి వెళ్ళిపోయాడు. కార్నెల్ ఒక్కడే తిరిగి వచ్చి కచేరీ ముగించాడు. ఏప్రిల్ 9న, ఈశ్వర నామ సంవత్సర ఉగాది వెళ్ళిన మరునాడు, బ్యాండు విడిపోయిందన్న ప్రకటన వచ్చింది. మా వంటింట్లో ఉగాది పచ్చడి గిన్నె ఇంకా ఖాళీ కాలేదు. మిత్రుడు ఆ వార్త విని, “కొట్టుకున్నారా?” అని అడిగాడు. కొట్టుకోలేదు. పర్యటనలు, ఒప్పందాలు, లెక్కలు, వ్యాపారం బ్యాండును తినేశాయని కామెరన్ తరువాతి రోజులలో అన్నాడు. నాకు ఆ మాట సబబుగానే తోచింది. లెక్కపెట్టకుండా ఏడు నడిచినవాళ్ళకు చివరకు లెక్కలే మిగిలాయి.

* * *

తరువాతి భాగం దూరంనుండి చూసినదే కనుక త్వరగా చెబుతాను. కామెరన్ పెర్ల్ జామ్‌లో చేరాడు. కార్నెల్ సొంతంగా ఒక ఆల్బమ్ చేసి, ఆ తరువాత ఆడియోస్లేవ్ అనే కొత్త బ్యాండుతో మరో జీవితం మొదలుపెట్టాడు. డాట్‌కామ్ సంస్థలు కూలుతున్న రోజులలో నేను హైదరాబాదు వచ్చేశాను. మిత్రుడు డల్లాస్ చేరాడు. 2010లో బ్యాండు మళ్ళీ కలిసిందని, తొలి కచేరీ సియాటిల్‌లోని షోబాక్స్ హాలులో తమ పేరు అక్షరాలు తారుమారు చేసి ‘న్యూడ్‌డ్రాగన్స్’ అని పెట్టుకుని చేశారని తెలిసినప్పుడు, మాదాపూర్ కార్యాలయంలో కూర్చుని ఎవరితో పంచుకోవాలో తెలియక ఊరకే నవ్వుకున్నాను. 2012లో వచ్చిన ‘కింగ్ యానిమల్’ నాకు మర్యాదగా నచ్చింది.

2017 మే 17 రాత్రి డెట్రాయిట్‌లో కచేరీ చేసిన కార్నెల్, కొన్ని గంటలకే హోటల్ గదిలో ప్రాణం తీసుకున్నాడు. వయసు 52. మాకు ఆ వార్త మరునాడు తెలిసింది. వాళ్ళను నేను చూసిన మర్సర్ ఎరీనాను కూడా ఆ సంవత్సరమే కూల్చివేశారు. ఆ స్థలంలో ఇప్పుడు సియాటిల్ ఆపెరా వారి భవనం ఉన్నది. చివరి రోజులలో చేసిన అసంపూర్ణ రికార్డింగుల మీద కార్నెల్ భార్యకు, మిగిలిన సభ్యులకు మధ్య ఏళ్ళపాటు నడిచిన వ్యాజ్యం 2023లో రాజీతో ముగిసింది.

2025 నవంబరులో సౌండ్‌గార్డెన్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. ఆ గౌరవం అందుకున్న పేర్లలో హీరో యమమోటో కూడా ఉన్నాడు. కీర్తి మొదలవుతుండగా వదలి వెళ్ళిపోయినవాడిని వాళ్ళు మరచిపోలేదు. డల్లాస్ నుండి మిత్రుడు వేళకాని వేళ ఫోను చేశాడు. “మనవాడికి సన్మానం జరిగింది చూశావురా?” అన్నాడు. చూశానన్నాను. కాసేపు కార్నెల్ గురించి, కాసేపు మా హోండా కారు గురించి, కాసేపు ఇద్దరి మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాము. పెట్టేసే ముందు అతను, “ఏమైనా ఆ తాళం మాత్రం కేరళదేరా,” అన్నాడు. నేను మళ్ళీ మొదటినుండి, కార్నెల్ డ్రమ్స్ దగ్గరనుండి, మొదలుపెట్టాను. అతను మళ్ళీ ఒప్పుకోలేదు.